లాప్‌టాప్ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?

మార్చి ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ప్రభుత్వ కార్యాలయంలో ఏదైనా జరగొచ్చు. ఏడాదంతా కునికిన ఫైళ్ళు ఆ పూట పరుగులు తీస్తాయి. ఖర్చు కాని నిధులు తెల్లారేసరికి వెనక్కి వెళ్ళిపోతాయి కాబట్టి, ఆ సాయంత్రం ఎవరూ ఏదీ చదవరు. సంతకాలు మాత్రం పెడతారు.

మాది జిల్లా సహాయోపకరణాల కార్యాలయం. నడవలేనివాళ్ళకు మూడు చక్రాల బళ్ళు, చంకకర్రలు, వినపడనివాళ్ళకు చెవి మిషన్లు ఇవ్వడం ఆఫీసు పని. ఎందుకు ఇవ్వలేకపోతున్నామో రాయడం నా పని. నేను అక్కడ హెడ్ గుమస్తాని. పేరు పరాంకుశం.

ఆ సాయంత్రం మా జిల్లా అధికారి భుజంగరావు గారు నన్ను లోపలికి పిలిచారు. తలుపు వేయమన్నారు. గొంతు తగ్గించారు.

"పరాంకుశం గారూ, మన డెస్క్‌టాప్ ఎలా ఉంది?"

"బాగానే పనిచేస్తోంది సార్."

"అదే ప్రమాదం," అన్నారాయన.

మా డెస్క్‌టాప్ పాతది. టీవీ అంత మోనిటరు, దాని మీద ఎవరో అల్లిచ్చిన పూల గుడ్డ. మీట నొక్కాక అది లేచేలోపు కింద బడ్డీకి వెళ్ళి టీ తాగి రావచ్చు. కానీ లేచేది. లేచాక ఆర్డర్లు ఇచ్చేది. చేతిరాత ఆర్డర్లు చెల్లవని కమిషనర్ కార్యాలయం తేల్చాక, జిల్లాలో ఏ కుంటివాడికి బండి రావాలన్నా ఆ పెట్టెలోంచి కాగితం రావాల్సిందే.

"మొన్న రాజధానిలో మీటింగుకి వెళ్ళాను," అన్నారు భుజంగరావు గారు. "అన్ని జిల్లాలవాళ్ళూ ముందు లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. నేనొక్కణ్ణే డైరీ తెరిచాను. కమిషనర్ గారు నా డైరీ వంక చూశారు. ఆ చూపు ఇంకా ఇక్కడ గుచ్చుకుంటోంది."

గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించారు.

"కంప్యూటర్ల పద్దులో నిధులు లేవు సార్."

"ఏ పద్దులో ఉన్నాయి?"

"వాహనాల పద్దులో. జీపుకి టైర్లు, బ్యాటరీ అని ఇచ్చారు. ఈలోపు జీపే పనికిరాదని తేల్చేశారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి, పైకప్పు వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టారు.

"రాసుకోండి. విధి నిర్వహణ నిమిత్తము ఒక చోటు నుండి మరియొక చోటుకు కదలగల సాధనము ఏదైనను వాహనముగా పరిగణింపదగును. లాప్‌టాప్ అట్టి సాధనము. డెస్క్‌టాప్ అట్టిది కాదు. కావున మొదటిది కొనుటకును, రెండవది తొలగించుటకును అనుమతి ప్రార్థన."

రాశాను. చీకటి పడేలోగా మంజూరు వచ్చింది. కమిషనర్ కార్యాలయంలో కూడా అది ముప్పై ఒకటో తేదీయే గదా.

*

మే నెలలో లాప్‌టాప్ వచ్చింది. అది గుమ్మం దాటకముందే డెస్క్‌టాప్‌ని స్టోరు గదిలో పెట్టి, తాళానికి లక్క ముద్ర వేశాం. కొత్తది చేరేనాటికి పాతది తొలగించి ఉండాలని మంజూరులో స్పష్టంగా ఉంది.

పూజ డ్రైవర్ గవర్రాజు చేశాడు. జీపు పోయిన దగ్గర్నుంచీ అతనికి వరండాలో కూర్చోవడం తప్ప పనిలేదు. లాప్‌టాప్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద ఉన్న నాలుగు రబ్బరు బుడిపెల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"ఇప్పుడు ముందుకి నడపండి సార్. కాయలు చితకాల."

భుజంగరావు గారు రెండు చేతులతో అదిమారు. మూడు చితికాయి. నాలుగోది ఎగిరి గుమ్మం దగ్గరకు దొర్లింది. అక్కడ మంగతాయారు ఉంది.

మంగతాయారుకి చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. ఇప్పుడు ముప్పై అయిదు దాటి ఉంటాయి. నాలుగు బేరింగులు బిగించిన చెక్కపీట మీద కూర్చుని, చేతులకు హవాయి చెప్పులు తొడుక్కుని, నేలని వెనక్కి తోసుకుంటూ వస్తుంది. బట్టలు కుట్టడంలో ఆ ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరని మా ఆవిడ అంటుంది. మా ఆవిడ ఎవర్నీ అంత తేలిగ్గా మెచ్చుకోదు.

మంగతాయారు నిమ్మకాయ ఏరి ఒళ్ళో వేసుకుంది.

"ఏటండీ గుమస్తా గారూ, కొత్త బండా?"

"అవునమ్మా."

"చక్రాల్లేవేటి?"

"కొత్త రకం."

"సర్లెండి. నా బండి సంగతేటి? ఈవేళ ఆర్డరు కొట్టిస్తానన్నారు గదా."

నిజమే. ఆమె దరఖాస్తు అన్ని మెట్లూ ఎక్కింది. డాక్టరు సర్టిఫికెట్ ఉంది. బండి గోడౌన్లో ఉంది. ఒక్క కాగితం రావాలి. రైలుగేటు అవతల ఖాదర్ మేస్త్రీ షెడ్డులో స్కూలు యూనిఫారాలు కుడతారు. అక్కడ ఆమెకోసం మోటారు మిషను ఒకటి అట్టేపెట్టారు, కాలితో తొక్కే పనిలేనిది. పీట మీద రైలుపట్టాలు దాటడం అయ్యే పని కాదు. బండి ఉంటే వెళ్తుంది. స్కూళ్ళు తెరిచే రోజుకి వెళ్ళకపోతే మిషను మరొకళ్ళది.

"డెస్క్‌టాప్‌కి సీలు వేశామమ్మా. ఇకనుంచి ఇందులోనే కొట్టాలి. రేపు రా."

"రేపంటే రేపేనా, మీ రేపా?"

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని సన్నగా, పొడుగ్గా ఒకాయన దిగాడు.

భుజంగరావు గారి మొహంలో రంగు మారింది.

ఆడిట్!

*

ఆడిటర్ త్రివిక్రమం గారు ఎవరి ఆఫీసులోనూ మంచినీళ్ళు కూడా ముట్టరు. కుర్చీ దులుపుకుని కూర్చున్నారు. ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసుకుని, ఊదుకుంటూ అడిగారు.

"వాహనాల పద్దులో కొత్త వాహనం ఒకటి కనిపిస్తోంది. లాగ్ బుక్ చూపించండి."

"అది... లాప్‌టాప్ అండీ," అన్నారు భుజంగరావు గారు.

"నేను పేరు అడగలేదు. వాహనాల పద్దులో కొన్నారా, లేదా?"

"కొన్నామండీ."

"అయితే వాహనం. కాదు, కంప్యూటర్ అంటారా, వాహనాల నిధులు కంప్యూటర్‌కి మళ్ళించినట్టు. దానికి వేరే సెక్షన్ ఉంది. సస్పెన్షన్‌తో మొదలవుతుంది." నీళ్ళు ఒక గుటక వేశారు. "మీరే చెప్పండి. ఏమిటది?"

భుజంగరావు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. టేబుల్ మీద నిమ్మరసం ఓడుతున్న ఆ వస్తువు వంక చూశారు. నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

"వాహనమేనండీ."

"సంతోషం. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"ఇంకా టేబుల్ మీదే..."

"ప్రభుత్వ వాహనాన్ని నిరుపయోగంగా ఉంచారు. ఒక అభ్యంతరం." రాసుకున్నారు. "ఎవరు నడుపుతారు?"

"పరాంకుశం గారు టైపు చేస్తారు."

ఆయన నా వైపు తిరిగారు. "లైసెన్స్ ఉందా?"

"సైకిలు తొక్కడం వచ్చండీ."

"లైసెన్స్ లేనివాడికి ప్రభుత్వ వాహనం అప్పగింత. రెండో అభ్యంతరం. నెల రోజుల్లో మళ్ళీ వస్తాను. సగటున ఒక జిల్లా వాహనం ఎంత తిరుగుతుందో అంత తిరిగి ఉండాలి. లేకపోతే నేను రాసింది పైకి వెళ్తుంది."

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. అక్కడ మంగతాయారు పీట అడ్డంగా ఉంది.

"ఇదేమిటి?"

"దరఖాస్తుదారండీ," అన్నాను.

"దారిలో ఉంచకండి," అని పక్కనుంచి దాటి వెళ్ళిపోయారు.

*

మర్నాటి నుంచి లాప్‌టాప్ రోడ్డెక్కింది.

మొదట గవర్రాజు దాన్ని సంచిలో వేసుకుని బస్సులో పక్క ఊరికి వెళ్ళొచ్చాడు. ఒక్కరోజులో బోలెడు కిలోమీటర్లు. భుజంగరావు గారు పొంగిపోయి త్రివిక్రమం గారికి ఫోన్ చేశారు. ఆ ఆనందం ఫోన్ పెట్టేసేదాకా కూడా లేదు. ఒక వాహనం మరో వాహనం మీద వెళ్తే అది చెడిపోయి తరలించినట్టు లెక్కట. కిలోమీటర్లు చెల్లవు సరికదా, రిపేరు బిల్లు ఏదని అడిగారట.

కాబట్టి నడకే దారి. గవర్రాజు లాప్‌టాప్‌ని రెండు చేతుల్లో అరిటాకులో అన్నం పట్టుకున్నట్టు పట్టుకుని ముందు నడిచేవాడు. దూరానికి సాక్షిగా నేను వెనక. కలెక్టరేట్, బస్టాండు, చేపల మార్కెట్, మళ్ళీ ఆఫీసు. మూతకి ఎర్ర అక్షరాలతో 'ప్రభుత్వ వాహనం' అని స్టిక్కరు అంటించాడు. వెనక ఒక మిరపకాయల దండ వేలాడగట్టాడు.

"తప్పుకోండి! సర్కారు బండి! ఓ ముసలాయనా, నిన్నే, వినపడట్లేదా?"

"ఆయన చెవి మిషను కోసం మన ఆఫీసుకే తిరుగుతున్నాడు గవర్రాజూ," అన్నాను. "ఎలా వినపడుతుంది?"

పోనీ, నడక అయ్యాక ఆర్డర్లు కొడదామనుకున్నాను. ఆ సందేహం కూడా త్రివిక్రమం గారినే అడిగాం. జవాబు రాతపూర్వకంగా వచ్చింది. వాహనం కదులుతున్నప్పుడు డ్రైవర్ దృష్టి మళ్ళించే పనులేవీ చేయరాదు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తప్పనిసరిగా ఆపివేయాలి.

"అంటే నడుస్తుంటే కొట్టకూడదు, ఆగితే తెరవకూడదు. మరి ఎప్పుడు కొట్టాలి సార్?" అని భుజంగరావు గారిని అడిగాను.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చదివారు. ముందు నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి.

"పరాంకుశం గారూ, ఇందులో కొట్టవద్దని ఎక్కడా లేదు. అది మనకి ఊరట," అన్నారు.

మంగతాయారు రోజూ వచ్చేది. ఆమె వచ్చేసరికి లాప్‌టాప్ బయలుదేరి వెళ్ళిపోయి ఉండేది. ఒకరోజు ఆఫీసుకి రాకుండా తిన్నగా చేపల మార్కెట్ దగ్గర కాపు కాసింది. మమ్మల్ని చూడగానే పీట మా పక్కకి తిప్పి, బేరింగులు గరగరమంటుంటే కూడా వచ్చింది.

"గవర్రాజు బాబూ, ఏటి మోసుకెళ్తన్నావు?"

"మొయ్యట్లేదు. నడుపుతున్నాను."

"అలాగా! మైలేజీ ఎంతిస్తాది?"

"నాకు రెండు ఇడ్లీలు పడితే బస్టాండు దాకా ఇస్తాది," అన్నాడు గవర్రాజు. అతను మొహం చిట్లించాడు. అప్పటికే కుడి మోకాలు పట్టేసింది.

ఆమె నా వైపు తిరిగింది.

"గుమస్తా గారూ, ఒక్క మాట. నడవలేని దానికి నాకు బండి లేదు. నడవక్కర్లేని దాన్ని మీరు రోజూ ఊరు తిప్పుతున్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పండి, నేనేం కోపపడను."

చెప్పడానికి ప్రయత్నించాను. పద్దు గురించి, అభ్యంతరాల గురించి, ఇంజిన్ గురించి అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"ఖాదర్ మేస్త్రీ సోమవారం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత మిషను ఆళ్ళ మరదలికి ఇచ్చేస్తాడంట. మీరు చెప్పిందంతా ఆయనకి చెప్తే ఆగుతాడంటారా?"

ఆగడనే అన్నాను. అక్కడే, చేపల బుట్టల మధ్య గవర్రాజు మోకాలు మడతపడింది. అతను కూలబడ్డాడు. కూలబడుతూ కూడా లాప్‌టాప్‌ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆ ఉద్యోగ నిష్ఠ నేను మరెక్కడా చూడలేదు.

*

డాక్టరు గవర్రాజుని నడవొద్దన్నాడు. తప్పనిసరైతే చంకకర్రలతో నడవమన్నాడు.

"మన గోడౌన్లో బోలెడు చంకకర్రలున్నాయి గదండీ, ఓ జత ఇప్పించండి," అన్నాడు గవర్రాజు, వరండా బల్ల మీద కాలు చాపుకుని.

"ఆర్డరు లేనిదే ఎలా ఇస్తాను గవర్రాజూ?"

అతను నా వంక చూసిన చూపులో పదిహేనేళ్ళ స్నేహం కరిగిపోవడం కనిపించింది.

లోపల భుజంగరావు గారి పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. మేం అంతకుముందే పంపిన నివేదిక కమిషనర్ గారికి తెగ నచ్చింది. లాప్‌టాప్ ఎంత తిరిగిందో లెక్క పంపిన జిల్లా మాదొక్కటే. దాంతో అన్ని జిల్లాలూ ఇకపై లాప్‌టాప్ కిలోమీటర్లు పంపాలని ఉత్తర్వు వచ్చింది. పోటీ మొదలైంది. ఒక జిల్లాలో లాప్‌టాప్ పట్టుకుని కాలువ గట్టు మీద పరుగులు తీస్తున్నారని, ఇంకో జిల్లాలో రెండు లాప్‌టాప్‌లు మలుపులో ఎదురెదురుగా గుద్దుకుంటే పోలీసులు పంచనామా చేశారని వార్తలు వస్తున్నాయి. దారి చూపించిన మా జిల్లాయే ఆగిపోయింది. త్రివిక్రమం గారు రావడానికి ఇంకో వారం లేదు.

"డ్రైవర్ లేడు. నడిచే మనిషి లేడు. నా సర్వీసులో ఇంత చీకటి ఎప్పుడూ చూడలేదు," అన్నారు భుజంగరావు గారు.

"నేను తిప్పుతానండీ," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

మంగతాయారు. పీట మీద గుమ్మానికి అడ్డంగా, చేతి చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"గోడౌన్లో నా బండి ఇప్పించండి. మీ పెట్టె దాంట్లో పెట్టుకుని రోజూ షెడ్డుకెళ్తాను, సాయంత్రం తెచ్చి ఇచ్చేస్తాను. ఇటు రైలుగేటు, అటు రైలుగేటు. మీకు కిలోమీటర్లు, నాకు మిషను."

"ఒక వాహనం మరో వాహనం మీద..." అని మొదలుపెట్టి భుజంగరావు గారు ఆగిపోయారు.

నేను అప్పటికే నిబంధనల పుస్తకం తెరిచాను. వేలు పెట్టి చూపించాను. మా శాఖ పుస్తకాల్లో మూడు చక్రాల బండి వాహనం కాదు. ఉపకరణం. చంకకర్రలాగే. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు.

"అంటే," అన్నారు భుజంగరావు గారు మెల్లగా, "మూడు చక్రాలున్నది వాహనం కాదు."

"కాదు సార్."

"చక్రాలు లేనిది వాహనం."

"అవును సార్."

"అయితే వాహనం ఉపకరణం సాయంతో నడిచినట్టు లెక్క. అందులో అభ్యంతరం ఏముంది?" ఆయన లేచి నిలబడ్డారు. కళ్ళల్లో వెలుగు వచ్చింది. "కానీ ఆర్డరు లేకుండా ఆమెకి ఇవ్వలేం."

"ఇవ్వొద్దు సార్. పరీక్షార్థం నడపమని అప్పగిద్దాం. దానికి చేతిరాత చాలు."

గోడౌన్ తాళం ఆ మధ్యాహ్నమే తీశాం. ప్లాస్టిక్ కాగితం చుట్టిన బళ్ళు వరసగా ఉన్నాయి. మంగతాయారు ఒకదాని దగ్గర ఆగి, చైను పట్టుకుని లాగింది. పక్కదాని దగ్గరికి జరిగి దాని చైను లాగింది. మూడోది ఎంచుకుంది. సీటు మీదకి ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే ఎక్కి కూర్చుంది. చేతి పెడలు తిప్పింది. బండి కదిలింది. గోడౌన్ గోడ వరకూ వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ గోడ వరకూ వెళ్ళింది.

సోమవారం పొద్దున్న పెట్టె బుట్టలో వేసుకుని రైలుగేటు దాటింది.

*

కిలోమీటర్లు పోగుపడ్డాయి. త్రివిక్రమం గారు వచ్చి, చూసి, తల పంకించి, ఫ్లాస్కు మూసుకుని వెళ్ళిపోయారు. మేం పంపిన లెక్క చూసి రాజధానికి దిమ్మతిరిగింది. ఎండలోనూ, వానలోనూ, రైలుగేటు పడినా మా లాప్‌టాప్ ఆగలేదు. రాష్ట్రంలో మొదటి స్థానం మాది.

రాజధానిలో సన్మాన సభకి నేను కూడా వెళ్ళాను. భుజంగరావు గారికి శాలువా కప్పారు. కమిషనర్ గారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

"కదలని యంత్రాల యుగం ముగిసింది. కదిలే పాలన ఆరంభమైంది. ఈ జిల్లా లాప్‌టాప్ ప్రజల మధ్యకు వెళ్ళింది. వారి కష్టాల్ని దగ్గరగా చూసింది."

చప్పట్లు. నేనూ కొట్టాను. షెడ్డులో మిషను పక్కన గోనెసంచీ కింద లాప్‌టాప్ ఏమేం చూసి ఉంటుందా అని ఆలోచించాను.

ఆ తర్వాత కమిషనర్ గారు యథాలాపంగా ఒక మాట అడిగారు. "మరి మీ జిల్లాలో ఈ మూడు నెలల్లో ఇచ్చిన ఆర్డర్లు ఎన్ని?"

భుజంగరావు గారు శాలువా సర్దుకున్నారు. "ప్రయాణం మీద దృష్టి పెట్టామండీ."

కమిషనర్ గారికి కోపం రాలేదు. ఆయన పాతకాలంలో జీపులు చూసినవారు. వాడని బండిని కూడా రోజూ పొద్దున్న కాసేపు స్టార్ట్ చేసి ఉంచుతారని, లేకపోతే బ్యాటరీ దిగిపోతుందని గుర్తు చేశారు. లాప్‌టాప్‌ని కూడా అలాగే కాసేపు స్టార్ట్ చేసి ఉంచవచ్చన్నారు. ఆ సమయంలో, ఎలాగూ నడుస్తోంది గనక, పెండింగు దరఖాస్తులు తేల్చేయమన్నారు.

ఆ విధంగా మా లాప్‌టాప్ మొదటిసారి తెరుచుకుంది. మంగతాయారు పొద్దున్నే బండి వరండా ముందు ఆపి కూర్చునేది. ఆమె షెడ్డుకి బయల్దేరేలోపు నేను గబగబా కొట్టేవాణ్ణి.

వరసలో మొట్టమొదటి దరఖాస్తు ఆమెదే. క్షేత్ర పరిశీలన వివరాల కోసం భుజంగరావు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కిటికీలోంచి బయటకు చూశారు. మంగతాయారు బండి మీద కూర్చుని, చైనుకి నూనె వేస్తోంది.

"పరిశీలించాను. రాయండి," అన్నారు.

రాశాను. దరఖాస్తుదారు ప్రతిదినము మూడు చక్రాల బండిపై సంచరించుచున్నట్లు జిల్లా అధికారి స్వయముగా గమనించిరి. కావున వీరికి మరియొక బండి అవసరము లేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది.

లాప్‌టాప్ ఇచ్చిన మొదటి ఆర్డరు అది. అక్షరాలు మాత్రం చాలా అందంగా వచ్చాయి.

*

మంగతాయారు కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"గుమస్తా గారూ, ఈ బండి ఎవరిది?"

"ప్రభుత్వానిదమ్మా. పరీక్షార్థం."

"నాది కాదుగదా?"

"కాదు."

"మరి నాకు బండి ఉందని రాశారేటి?"

"నువ్వు దాని మీద తిరుగుతున్నావు గదా."

"దిగితే ఇస్తారా?"

"దిగితే లాప్‌టాప్ ఆగిపోతుంది."

ఆమె కాగితం మడిచింది. "చదువుకున్నాళ్ళని అడగాలి, మీరు ఇదంతా ఎక్కడ నేర్చుకుంటారండీ?"

ఇంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ముందు కనిపించింది, త్రివిక్రమం గారు తర్వాత.

ఆయన ఆ రోజు కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "పరీక్ష గడువు ముగిసింది. ఈ ఉపకరణం ఇంకా ఈమె దగ్గర ఎందుకుంది? ఈమె ఉద్యోగా?"

"కాదండీ," అన్నారు భుజంగరావు గారు.

"లబ్ధిదారా?"

"ఈరోజే తిరస్కరించామండీ."

"అయితే ప్రభుత్వ ఆస్తి సంబంధం లేని వ్యక్తి చేతిలో ఉంది. ఇప్పుడే స్వాధీనం చేసుకోండి."

మంగతాయారు రెండు చేతులూ పెడళ్ళ మీద బిగుసుకున్నాయి. ఆమె కళ్ళు రోడ్డు వైపు తిరిగాయి. షెడ్డులో కత్తిరించిన బట్ట గుట్టగా ఉంటుంది. ఈరోజు మిషను ఖాళీగా ఉంటే రేపు దాని ముందు ఇంకొకరు కూర్చుంటారు. పీట ఎప్పుడో విరిగిపోయింది. ఇంటికి వెళ్ళడానికి కూడా ఈ బండే.

"దింపుతారా? దింపండి," అంది. "మనిషిని పట్టుకుని ఎత్తాలి. మీ ముగ్గుర్లో ఎవరికి దమ్ముందో రండి."

ఎవరమూ కదల్లేదు. భుజంగరావు గారు కదలకపోవడానికి వేరే కారణం ఉంది.

"త్రివిక్రమం గారూ, ఆమెను దింపితే లాప్‌టాప్ నడవదు. మొదటి స్థానం పోతుంది. నిరుపయోగమని మళ్ళీ మీరే రాస్తారు."

"రాస్తాను."

"ఉంచితే?"

"అదీ రాస్తాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. త్రివిక్రమం గారు మొదటిసారి ఫ్లాస్కు కింద పెట్టారు. మనిషి ఆలోచనలో పడ్డారు. వాహనం, ఉపకరణం, ఉద్యోగి, లబ్ధిదారు అని వేళ్ళు ముడుచుకుంటూ లెక్క వేసుకున్నారు. చివరికి చిటికెన వేలు దగ్గర ఆగారు.

"వాహనాన్ని కదిలించేది, వాహనంతోపాటే కదిలేది... దాన్ని ఏమంటాం?"

"ఏమంటామండీ?"

"విడిభాగం. గేరులాగా, క్లచ్చులాగా. విడిభాగం వాహనంతో ఉండటానికి అభ్యంతరం ఉండదు. స్టాకులో ఎక్కించండి."

భుజంగరావు గారు ఆయన చేతులు పట్టుకున్నంత పని చేశారు. నేను స్టాకు పుస్తకం తెచ్చి రాశాను. లాప్‌టాప్ నడకకు అవసరమైన విడిభాగము. సంఖ్య: ఒకటి. స్థితి: వాడకములో ఉన్నది.

రాసి, అలవాటుగా సంతకం కోసం పుస్తకం మంగతాయారు ముందుకు జరిపాను. త్రివిక్రమం గారు నా చెయ్యి పట్టి ఆపారు.

"ఏం చేస్తున్నారు? విడిభాగాలు సంతకాలు పెడతాయా?"

మంగతాయారు పుస్తకంలోకి తొంగి చూసింది. చదువుకుంది. ఆయన వంక తిరిగింది.

"అంటే నేను మనిషిని కానా బాబూ?"

"రికార్డులో కాదమ్మా. బయట మీ ఇష్టం."

"మనిషినే అంటేనో?"

"బండి ఇచ్చేయాలి."

ఆమె కొంచెంసేపు తల వంచుకుని పెడళ్ళ వంక చూసింది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. ఏడవలేదు. లాప్‌టాప్ అందుకుని బుట్టలో వేసింది. దాని మీద తిరస్కరించిన ఆర్డరు పరిచింది, దుమ్ము పడకుండా. బండి గేటు వైపు తిప్పింది.

భుజంగరావు గారికి ఒక్కసారిగా అధికారం గుర్తొచ్చింది. వరండా చివరికి వచ్చి గట్టిగా అన్నారు.

"ఏయ్, చూడు! రేపట్నుంచి గంట ముందు రావాలి. ఆదివారం కూడా తిప్పాలి. తెలిసిందా?"

బండి సాగుతోంది.

"నిన్నే! వినపడుతోందా? జవాబు చెప్పవేం?"

గేటు దగ్గర ఆమె బండి ఆపింది. వెనక్కి తిరగలేదు.

"విడిభాగాలు మాట్లాడతాయేటండీ?"

పెడలు తిరిగింది. బండి రైలుగేటు వైపు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

భుజంగరావు గారు ఎర్రబడ్డ మొహంతో త్రివిక్రమం గారి వైపు తిరిగారు. ఆయన ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, నిబంధనల పుస్తకం ఒకచోట తెరిచి, చూసి, మూసేశారు.

"అభ్యంతరం లేదు," అన్నారు.